తెరిపించిన కళ్ళు

మొదటి మాట గుర్తు రావడం లేదు. రెండో మాట వస్తోంది, మూడోది వస్తోంది, నలభయ్యో నిమిషంలో టీ గ్లాసు ఏ చేత్తో దించాలో కూడా వస్తోంది, మొదటిదే రావడం లేదు. పోనీ పరాయివాళ్ళు రాసిన మాటా అంటే అదీ కాదు, తనే రాసింది, కుక్కరు రెండో కూతకీ మూడో కూతకీ మధ్య, పప్పు మాడితే మాడనీ అనుకుని రాసుకున్న మాట. చాందిని అద్దంలో పెదాలు కదిపి చూసుకుంది. "కదలకండి మేడం, బొట్టు వంకర పోతాది" అంది మొహానికి రంగు వేస్తున్న రేణుక. ఆరు దాటి అయిదు నిమిషాలు. ఏడింటికి తెర లేస్తుంది. ఈ లోపల హాలు కప్పు ఊడిపడచ్చు, కరెంటు పోవచ్చు, వాన ముంచుకొచ్చి నూట ఇరవై మంది ప్రేక్షకులూ ఏదో ఒక సిగ్నల్ దగ్గర ఇరుక్కుని రేపు పొద్దున ఇళ్ళకు చేరచ్చు. ఒక్కొక్కటీ దేవుడికి విడివిడిగా సూచించింది. దేవుడు ఏదీ రాసుకున్నట్టు లేదు. బయట పొడిగా ఉంది, లోపల ఏసీ బుద్ధిగా పనిచేస్తోంది, ఆ చల్లదనంలో ఆమె అరచేతులు మాత్రం వేసవి కుండల్లా చెమ్మగిల్లుతున్నాయి.

మాట మరిచిపోతామన్నది నటులకు ఉండే మామూలు భయం, దానికి అల్లం ముక్క నమలమని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఆమెది ఆ భయం కాదు. మూడో వరసలో గోడ పక్కన రెండు కుర్చీలున్నాయి. వాటిలో ఈ సాయంత్రం టెంపో నడిపే శ్రీను వచ్చి కూర్చుంటాడు, ముప్పై అయిదేళ్ళవాడు, పక్కన తొమ్మిదేళ్ళ కూతురు. గంటసేపు ఆమె ఒక్కతే మాట్లాడే ఈ నాటకంలో పదో నిమిషానికల్లా అతనికి తెలిసిపోతుంది, ముప్పై ఒక్క ఏళ్ళుగా తను దండ వేసి దణ్ణం పెట్టుకుంటున్న ఫోటోలో ఉన్నది తన అమ్మ కాదని. చీకట్లో, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య, చప్పట్లకు ఇంకా యాభై నిమిషాలు ఉండగా. ఆ ఉన్నది ఎవరో కూడా అడగనక్కరలేదు. అదే చీర కట్టుకుని, అదే బొట్టు పెట్టుకుని, పది అడుగుల దూరంలో నిలబడి చెబుతూ ఉంటుంది కదా.

పిలిచింది ఎవరమ్మా అంటే తనే. నిన్న వర్తూరులో గోడౌను ముందు సెట్టు సామాను ఎక్కిస్తున్నారు. తెర వెనక పనులన్నీ చూసే దేవరాజ్ కొత్తగా ఒక టెంపో మాట్లాడాడు. లాంతరు పగలకుండా ముందు సీట్లో పెడదామని చాందిని తలుపు తీసింది. స్టీరింగు వెనక వెంకటేశ్వరస్వామి, ఆ పక్కన లక్ష్మీదేవి, ఇద్దరి మధ్య ప్లాస్టిక్ మల్లెల దండ వేసుకుని తను. పదహారేళ్ళ తను. రెండు ముక్కుపుడకలు, అర్ధరూపాయంత బొట్టు, అగ్గిపెట్టంత ఫోటో. ఊపిరి ఎక్కడో ఆగింది, నోరు మాత్రం ఆగలేదు, "ఎవరప్పా ఇది?" అంది. "మా అమ్మక్కా" అన్నాడు తాడు బిగిస్తూనే. "నాకు నాలుగేండ్లప్పుడే పోయె. కె.ఆర్.పురంలో గంగప్ప స్టూడియో అని ఉండె గదా, ఆడ తీసింది." దేవరాజ్ ఊరుకుంటాడా, "ఈ మేడం ఆ గంగప్ప కూతురే కదా శ్రీనూ!" అన్నాడు. శ్రీను తాడు వదిలేసి రెండు చేతులూ జోడించాడు. "మీ నాయన పుణ్యమక్కా. పెద్ద ఫోటో ఇంట్లో ఉండాది, రేపు తెస్తా, మీ నాటకంలో పెట్టుకోండి." భయం వేస్తే కొందరు పారిపోతారు, కొందరు మూర్ఛపోతారు, చాందినికి మర్యాద ముంచుకొస్తుంది. "రేపు నాటకానికి రాప్పా, పాపను కూడా పిలుచుకుని రా" అంది. కాఫీ తాగి వెళ్ళమని అననందుకు తనే ఆశ్చర్యపోయింది.

శ్రీనువాళ్ళు ఎప్పుడో కదిరి పక్కన సొంతూరికి వెళ్ళిపోయారనే అనుకుంది. ఎవరో చెప్పారు, నమ్మింది, నమ్మడం హాయిగా ఉంది. రాసేవాళ్ళకు ఇదొక సౌకర్యం, దూరం పోయినవాళ్ళ గురించి ఎంతైనా నిజం రాయచ్చు. పేర్లు మార్చింది, ఏడాది మార్చింది, పిల్లవాణ్ణి ఆడపిల్ల చేసింది. ఇన్ని మార్చినమ్మ అసలుది ఎందుకు మార్చలేదంటే, అసలుది మారిస్తే ఇంక నాటకం ఏముంది. "కళ్ళు మూయండి మేడం" అంది రేణుక. మూసింది. కాటుక పుల్ల రెప్ప మీద చల్లగా నడిచింది, ఆ చల్లదనం పట్టుకుని ఇంకో వేలు వచ్చింది, ఫోటోలు కడిగే ఫిక్సరు వాసన వేసే నాన్న వేలు, "కదలగాకమ్మా, కన్ను పోతాది" అంటూ.

ఆ రోజు మధ్యాహ్నం రామాంజనేయులు స్టూడియో గడప దగ్గర నిలబడి లోపలికి రాలేదు. కాళ్ళకు సిమెంటు. స్టేషను వెనక లేస్తున్న బిల్డింగు పక్కన రేకుల షెడ్డులో ఉండే మేస్త్రీ. పెళ్ళాం సుబ్బలక్ష్మమ్మ జ్వరంతో తెల్లవారుజామున పోయింది. "ఒక్క ఫోటో తియ్యాలప్పా, ఆమెది ఒక్కటీ లేదు. పిల్లోడికి మొగం గుర్తుండాల గదా. కళ్ళు తెరిపించి ఇయ్యాల." కళ్ళు తెరిపించడం గంగప్ప స్టూడియోకి పేరు తెచ్చిన పని. పోయిన మనిషిని కూర్చోబెట్టి తీస్తారు, తీశాక ఫోటో మీద సన్నని కుంచెతో మూసిన రెప్పలు తీసేసి కళ్ళు పెడతారు, గోడ మీద ఆ మనిషి మామూలుగా చూస్తూ ఉంటుంది. నాన్న దీన్ని టచింగ్ అనేవాడు, జాకెట్టుకు హుక్కు కుట్టినంత తేలిగ్గా. "రీలు ఎక్కించినావా?" అని అడిగాడు. "ఎక్కించినా నాన్నా" అంది. ఎక్కించింది. రీలు నాలుకను పళ్ళ చక్రానికి తగిలించి, మూత వేసి, మీట తిప్పింది. తిప్పినప్పుడు అవతలి పక్క చిన్న పిడి కూడా తిరగాలి. తిరిగితే రీలు పట్టుకున్నట్టు, లేకపోతే లేనట్టు. అది చూడాలి. కన్ను ఆ పిడి మీద ఒక్క క్షణం ఉండాలి. ఆ క్షణం ఆమె కన్ను ఎక్కడుందో ముప్పై ఒక్క ఏళ్ళుగా వెతుకుతోంది. గుమ్మంలో ఆ మనిషి కాళ్ళకున్న సిమెంటు మీద ఉందేమో.

షెడ్డులో తెల్ల గుడ్డ పట్టుకుని నిలబడింది తనే, వెలుతురు మొహం మీద పడాలని. ఆ గుడ్డ వణకడం గుర్తుంది. సుబ్బలక్ష్మమ్మ మొహం గుర్తు లేదు. అదే విచిత్రం, లోకంలో అందరికంటే దగ్గరగా, అందరికంటే మంచి వెలుతురులో చూసింది తను, ఎంత తలుచుకున్నా గుడ్డే కనిపిస్తుంది. నాన్న పన్నెండుసార్లు నొక్కాడు, కెమెరా పన్నెండుసార్లు నమ్మకంగా చప్పుడు చేసింది. సాయంత్రానికి మట్టి ఇచ్చేశారు. మర్నాడు చీకటిగదిలోంచి నాన్న రీలు పట్టుకుని వచ్చాడు, ఈ చివర నుంచి ఆ చివరకు గాజులా ఖాళీగా, దానిలోంచి క్యాలెండరులో తేదీ కూడా చదవచ్చు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమె ఇవాళ ఏ బ్యాంకులోనో పనిచేస్తూ సుఖంగా ఉండేది. టీ తాగాడు, గ్లాసు కడిగి బోర్లించాడు, "మీయమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుని రాపో" అన్నాడు.

ముప్పై ఏళ్ళ మనిషిలా కనబడాలని బుగ్గల కింద బొగ్గుపొడి రాశాడు. కళ్ళు తెరుచుకునే కూర్చోమన్నాడు. ఎటూ తెరిపించి ఇస్తాననే చెప్పాడు కదా, తేడా ఏమైనా ఉంటే కుంచె మీదకు పోతుంది. ఆ పనిలోనే ఆ అబద్ధానికి చోటుంది, అంతకుముందు ఎవరూ వాడుకోలేదంతే. మూడో రోజు రామాంజనేయులు వచ్చి ఫోటోను వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. లోపల బల్ల వెనక చాందిని కిందికి కూర్చుండిపోయింది. అతను భుజం మీది తువ్వాలుతో అద్దం తుడిచి "ఇట్లే ఉండె అప్పా" అన్నాడు. అంతే. ఆ మాట ఎన్నిసార్లు తిప్పి చూసిందో, గుర్తుపట్టి అన్నాడా, గుర్తుపట్టకూడదనుకుని అన్నాడా. చంకలోని పిల్లవాడు వేలుతో అద్దాన్ని తాకి, అద్దం మీద పడిన వేలిముద్రను చూసి నవ్వాడు. ఆ తర్వాత వారం షెడ్డు పక్కనుంచి పోతూ తలుపులోంచి చూసింది, గోడకు తను, తనకు చేమంతి దండ, తన ముందు విస్తరాకులో అన్నం ముద్ద, ఒలిచిన కోడిగుడ్డు. ఆ రోజు నుంచి ఉడికిన గుడ్డు ఆమె గొంతు దిగదు. ఎలర్జీ అని చెబుతుంది అందరికీ.

అమ్మకు తెలిసింది. నాగలక్ష్మి అనే ఆ మహా ఇల్లాలికి తెలియకుండా దాచగలిగింది ఆ ఇంట్లో ఏదీ లేదు. "బతికుండే పిల్లకు దండ ఏయిస్తివి గదయ్యా" అని నాన్నతో నెల మాట్లాడలేదు. ప్రతి ఏడూ ఆ తేదీకి గుమ్మడికాయ కొట్టి దిష్టి తీస్తుంది. జలుబు చేసినా, బస్సు ఆలస్యమైనా, పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు తుమ్మినా అమ్మ కళ్ళలో ఆ దండ కనిపించేది. చాందిని నవ్వేది. నవ్వుతూనే ప్రతి పుట్టినరోజుకూ లెక్కపెట్టుకునేది, ఇంకో ఏడాది దండ కింద గడిచిందని. ఈ మధ్యాహ్నం ఫోనులో అమ్మ "నేను రాను పో" అంది. "ముప్పై ఏండ్లు గుమ్మడికాయలు కొట్టి కాపాడుకుంటే నువ్వు టికెట్టు పెట్టి చూపిస్తావా?"

పేపరువాళ్ళు బహుముఖ కళాకారిణి అని రాస్తారు. ఫోటోలు, సినిమా, ఇప్పుడు నాటకం. ఒక కళ లోంచి ఇంకో కళలోకి సాగిన అన్వేషణ అని కూడా ఒకాయన రాశాడు. అన్వేషణా పాడా, పారిపోవడం. కెమెరా పట్టిన పదిహేనేళ్ళలో ఒక్క మొహం తీయలేదు ఆమె. చేతులు, పాదాలు, ఇటుకలు మోసే వీపులు. ప్రదర్శన పెడితే, శ్రమకు మొహం లేకుండా చేసిన వ్యవస్థను నిలదీసిందని మెచ్చుకున్నారు. మొహం తీయబోతే ఆ ఖాళీ రీలే కనిపిస్తుందని ఎవరితో చెబుతుంది, తలాడించి ప్రశంసాపత్రం పుచ్చుకుంది. రీళ్ళు పోయి, తీసింది తీసినట్టు వెనకాల కనబడే కెమెరాలు వచ్చినప్పుడు లోకమంతా సంబరపడింది, ఆమె మొదటిది కొన్న రోజు స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. తర్వాత సినిమా. వర్తూరు చెరువులో నురగ ఇరవై రెండు నిమిషాలు, రోడ్డు మీదికి గాలికి లేచొచ్చే తెల్లటి నురగ. నురగకు కళ్ళుండవు. ఏదో దేశంలో బహుమతి వచ్చింది, పిన్నమ్మ చూసి "నురగేనా? మా వాషింగ్ మిషన్లో ఇంతకంటే బాగ వస్తాది" అంది. చివరకు నాటకం, ఎందుకంటే ఇక్కడ అందరికీ ముందే తెలుసు అంతా వేషమేనని. అబద్ధమని బోర్డు కట్టిన చోట నిజం చెప్పేయచ్చు, ఎవరికీ తగలదు అనుకుంది. స్టవ్వు ఆర్పానా లేదా అని మూడుసార్లు వెనక్కి వచ్చి చూసుకునే మనిషి, తాళం లాగి చూసి మళ్ళీ లాగి చూసే మనిషి, ఇది మాత్రం చూసుకోలేదు. ఎవరికి తగులుతుందో వాడు కె.ఆర్.పురంలోనే ఉన్నాడా లేడా, పిడి తిరుగుతోందా లేదా అని.

మొదటి గంట మోగింది. ఆరూ నలభై అయిదు. రేణుక ముక్కుపుడకలు అతికించి వెనక్కి జరిగి, బాగుందని తనకు తనే చెప్పుకుని చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. చాందిని లేచి తెర సందులోంచి చూసింది. మూడో వరసలో గోడ పక్కన కుర్చీలు ఖాళీ. రాలేదు, బాడుగ దొరికి ఉంటుంది, ఆనేకల్ వైపు ఏ బీరువానో మోసుకుని పోయి ఉంటాడు, దేవుడు ఆలస్యంగానైనా రాసుకున్నాడు. ఆ సంతోషం గదిలోకి తిరిగొచ్చేదాకా కూడా నిలవలేదు. రేపు రెండో ఆట ఉంది. ఎల్లుండి మైసూరులో. సామాను మోసేది అతని టెంపోలోనే. అమ్మా అని అద్దంలో చూసుకుంది, అద్దంలో ఆకుపచ్చ చీర, పెద్ద బొట్టు, ముప్పై ఒక్క ఏళ్ళు ఎదిగిన ఫోటో. మొదటి మాట ఏమిటి. చేతికి దొరికినట్టే దొరికి జారిపోతోంది, అది ఆ అక్షరంతో మొదలవుతుంది, లేకపోతే ఈ అక్షరంతో.

"అక్కా, లోపలికి రావచ్చునా?"

శ్రీను. ఇస్త్రీ చొక్కా. చంకలో దుప్పటిలో చుట్టిన పెద్ద పటం, పక్కన రెండు జడల పిల్ల. "లేటయిపోయె, మారతహళ్ళిలో భారీ ట్రాఫిక్కక్కా. ఇది మా బేబీ. అందరూ అచ్చం అవ్వ పోలికే అంటారు" అంటూ దుప్పటి విప్పుతూనే తలెత్తాడు. ఆగిపోయాడు. పటం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, మళ్ళీ పటం వైపు. చాందిని కుర్చీ వీపును పట్టుకుంది. అయిపోయింది. ఒక విధంగా హాయి, ఇంక చెప్పనక్కరలేదు, అదే కనబడిపోయింది, గోడ వైపు తిరిగి నిలబడితే చాలు, అతను కొట్టినా ఫరవాలేదు.

"అరెరె!" అన్నాడు శ్రీను, మొహమంతా విప్పారి. "మా అమ్మ మాదిరే తయారైనారే! నిన్న వ్యాన్లో చిన్న ఫోటో చూసే గదా? చూడవే బేబీ, అవ్వ!"

బేబీ చూసింది. పటాన్నీ మనిషినీ తలుపులో నిలబడి న్యాయంగా పోల్చింది. "కాదు నాన్నా. అవ్వ బాగుంటాది. ఈ ఆంటీ భయపడుకుని ఉండాది."

"ఏయ్, సుమ్నే ఉండు" అని గదిమాడు గానీ అతనూ కాస్త తల వంచి చూశాడు. "కళ్ళే స్వల్ప తేడా ఉండాయక్కా. ఏం అనుకోవద్దు. మా అమ్మవి శాంతంగా ఉంటాయి. కష్టం ఏదన్నా వస్తే ఆ కళ్ళు చూసే పడుకుంటా నేను."

అప్పుడు చూసింది చాందిని, బల్ల మీద నిలబెట్టిన ఆ పెద్ద ఫోటోను, ఇంత దగ్గరగా మొదటిసారి. గడ్డం తనదే. చెవులు తనవే, ఎడమ చెవి మీది చిన్న గాటు మచ్చ తనదే. కళ్ళు తనవి కావు. ఆ రోజు స్టూలు మీద కూర్చుని తను పిల్లిపిల్లలా వణికింది, ఆ వణుకంతా నాన్న కుంచెతో తీసేసి దాని చోట ఎవరో నిమ్మళంగా చూస్తున్న కళ్ళు పెట్టాడు. ఎవరివి? సుబ్బలక్ష్మమ్మవి అయ్యే వీలు లేదు, మూసిన రెప్పలే కదా ఆయన చూసింది. అమ్మవీ కావు, అమ్మ అంత నిమ్మళంగా ఎవర్నీ చూడదు. నాన్న పోయి తొమ్మిదేళ్ళు, అడగడానికి లేదు. బేబీ బల్లకు ఆనుకుని నిలబడింది, తల ఎడమకు రవ్వంత వాల్చి, ఫోటోలో ఎట్లా వాలిందో అట్లాగే. తొమ్మిదేళ్ళుగా ఇంట్లో అందరూ అచ్చం అవ్వే అంటే, ఆ పిల్ల అవ్వను చూసి చూసి అవ్వ అయింది. ఆ వాల్చడం చాందినిది. ముందు రోజు షెడ్డులో గుడ్డ పట్టుకుని పట్టుకుని మెడ నొప్పెట్టి వాల్చినది.

"నాకు అమ్మ గుర్తు లేదక్కా" అన్నాడు శ్రీను, ఒక దండ సంచిలోంచి తీసి పటానికి వేస్తూ, తాజా చేమంతి. "గుర్తు చేసుకుంటే ఈ ఫోటోనే వస్తాది. నాటకంలో పాత స్టూడియో కత ఉండాదంట గదా, దేవరాజన్న చెప్పె. మీ నాయన గొప్పమనిషి, మంచిగా చెప్పండి."

రెండో గంట. దేవరాజ్ తల తలుపులోకి వచ్చింది. "మేడం, అయిదు నిమిషాలు. పటం ఇవ్వండి, గోడకు తగిలించేస్తా." అయిదు నిమిషాలు. చెప్పకుండా ఆడితే ఈ మనిషి చీకట్లో కూర్చుని వింటాడు, చుట్టూ ఎవరో దగ్గుతుంటారు, ఎవరో ఫోను చూసుకుంటుంటారు, పక్కన కూతురు. లేచి పోవడానికి కూడా పది మంది మోకాళ్ళు దాటాలి. నాటకం మార్చేసి ఆడితే అతను నవ్వుకుంటూ వెళ్ళి పటాన్ని మళ్ళీ మేకుకు తగిలిస్తాడు, తను ఇంటికి వెళ్ళి తాళం మూడుసార్లు లాగి చూసుకుంటుంది, బతికినన్నాళ్ళూ. రెండిట్లో ఏది ఎక్కువ భయమో తేల్చుకుందామని చూస్తే రెండూ ఒక్కలాగే వణికిస్తున్నాయి, ఆ తెల్ల గుడ్డలా. మూడోది ఒకటుంది. అది అన్నిటికంటే భయంగా ఉంది. బహుశా అందుకే అదే.

"దేవరాజ్, బేబీకి లైట్లు చూపించు. తెర ఆపు."

"ఆపేదా? ఎంతసేపు మేడం?"

"తెలీదు."

"హౌస్ ఫుల్ మేడం!" అన్నాడు. ఆమె మొహం చూసి బేబీ చెయ్యి పట్టుకుని వెళ్ళాడు. తలుపు మూసుకుంది. చాందిని స్టూలు లాగి శ్రీనుకు ఎదురుగా వేసుకుంది, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా. పటంలోని ఆ ఎవరివో కళ్ళు ఇద్దరినీ చూస్తున్నాయి. ఇంతసేపూ ఆ గోడా ఈ గోడా వెతికిన మాట గొంతులో ఎక్కడికీ పోకుండా ఉంది. మొదటి మాట.

"శ్రీనూ, ఆ రోజు రీలు పట్టుకోలేదు."

"ఏ రీలక్కా?" అన్నాడు శ్రీను, దండ సర్దుతూ.

నాటకంలో ఈ ప్రశ్న అడిగేవాళ్ళు లేరు.